నీళ్లు తాగని కబురు

మొన్న మిట్టమధ్యాహ్నం పార్సెలు తెచ్చిన కుర్రాడొకడు మా తలుపు బయటే నిలబడ్డాడు. తిరుపతి ఎండల సంగతి కొత్తగా చెప్పాలా? లిఫ్టు చెడిపోయి మెట్లెక్కి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. "లోపలికి రా నాయనా, ఫ్యాను కింద కాసేపు కూర్చుని నీళ్లు తాగి పోదువు" అన్నాను. "వద్దు మేడం" అన్నాడు. గ్లాసు తెచ్చి ముందు పెట్టినా తల అడ్డంగా ఊపి, డబ్బా నా చేతిలో పెట్టి గబగబా దిగి వెళ్లిపోయాడు. పాపం, వాడి తొందర వాడిది. నేను మాత్రం ఆగలేకపోయాను. డబ్బా విప్పకుండానే మా తమ్ముడికి ఫోన్ చేసి "అందరూ బాగున్నారా?" అని అడిగాను. "బాగున్నాం, ఏమైందక్కా?" అన్నాడు. ఏమీ లేదని చెప్పి పెట్టేశాను.

గుమ్మం బయట నిలబడి నీళ్లు వద్దన్న మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ అంతే. దానికి కారణం మా అవ్వ, ఆమె అన్న, ఒక మామిడికాయల కాలం.

మా ఊరు వడమాలపేట దగ్గర, తిరుపతి నుంచి పుత్తూరుకు పోయే రోడ్డు పక్కనే ఉండేది. అప్పటికి ఫోన్లు పట్నాల్లో ఉన్నాయి కానీ మా ఊరి దాకా రాలేదు. కబుర్లన్నీ బస్సుల్లోనే వచ్చేవి. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి "మీ కూతురికి నొప్పులు మొదలైనాయంట, మంత్రసానమ్మను అంపించమన్నారు" అని అరిచేవాడు. ఆ మాట అందాల్సిన ఇంటికి అందేలోపు ఊరంతా విని, పేరు కూడా పెట్టేసేది. మా ఊళ్లో రహస్యమంటే బస్సులో రాని కబురు అని అర్థం.

ఇంట్లో మాత్రం మాటలు బహు తక్కువ. తాత, అవ్వ ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడం నేను ఎన్నడూ వినలేదు. తాత వీధి మలుపులో దగ్గితే కాళ్లకు నీళ్లు పెట్టాలని. అరుగు మీద కూర్చుని దగ్గితే వచ్చిన వాళ్లకు మజ్జిగ తెమ్మని. సంగటి ముద్ద పళ్లెంలో దబ్బున పడిందంటే అవ్వకు కోపం వచ్చిందని. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, పక్కన ఊరిబిండి పచ్చడి కాస్త ఎక్కువ వేసిందంటే ఏదో అడగబోతోందని. తాత ఆ నెయ్యి చూడగానే "ఏందంట?" అనేవాడు గోడకేసి చూస్తూ. కొత్తకోడలుగా వచ్చిన మా అమ్మకు ఈ భాష పట్టుబడేసరికి నేను పుట్టానట. "మీ ఇంట్లో నోరుండేది తినేదానికే" అని అమ్మ మా నాయనను దెప్పేది. నాయన నవ్వేవాడు కానీ, ఆ నవ్వులో కూడా మాట ఉండేది కాదు.

అవ్వ పుట్టిల్లు బంగారుపాళ్యం పక్కన, మామిడితోటలో. ఆమెకు ఒక్కడే అన్న. ఏటా కాపు మొదలవగానే ఆయన బేనీషా కాయలు గంపకెత్తి, పైన గడ్డి కప్పి, బస్సు టాపు మీద వేసుకుని తానే తెచ్చేవాడు. నడవాలో గంప దించి, తలగుడ్డతో మొహం తుడుచుకుని "సెల్లెలా, నీళ్లు" అనేవాడు. అది ఆయన మొదటి మాట. అవ్వ చెంబు నిండా నీళ్లిచ్చి, ఆయన తాగుతుంటే గొంతు కదలడం చూస్తూ నిలబడేది. తరువాత గంప లోపలి గదిలోకి పోయేది. మూడోనాటికి ఆ గది తలుపు తీస్తే వచ్చే వాసన ఎలాంటిదో, మార్కెట్లో మందు పెట్టి మాగేసిన పళ్లు కొనుక్కునే ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. గడ్డిలో చెయ్యి పెట్టి మెత్తబడిన కాయను వెతికి తీసుకోవడం మా పిల్లల దొంగతనం. ముక్కు కింద పసుపు మరక పట్టించేది.

ఆ గంప రావడం ఒక ఏడాది ఉన్నట్టుండి ఆగిపోయింది. మా మేనత్తను తడ ఊరి సంబంధానికి ఇచ్చిన ఏడాది అది.

మా వైపు పెళ్లికి పిలవడమంటే పిలవడమే. ఇంటికి పోవాలి, గడపలో నిలబడి బొట్టు పెట్టాలి, ఆకూవక్కా చేతిలో పెట్టాలి, "మీరొస్తేనే మాకు పెళ్లి" అనాలి. ఆ తరువాత కార్డు ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరూ పట్టించుకోరు. పెళ్లికూతురి మేనమామనైతే అందరికంటే ముందు పిలవాలి. ఆయనే కదా పిల్లను పందిట్లోకి తీసుకురావాల్సింది. ఆ ఏడాది తాతకు కాలు బెణికింది, నాయనకు తీరలేదు, అవ్వ ఒక్కతే అంత దూరం పోలేనంది. "మా అన్నే కదా, పరాయోడా?" అని కార్డు మూలల్లో పసుపు పూసి, చిత్తూరు బస్సు కండక్టరు చేతికి ఇచ్చింది. సొంతవాడు కాబట్టి మర్యాద తగ్గినా చెల్లుతుందని ఆమె అనుకుంది. సొంతవాడు కాబట్టే తగ్గకూడదని ఆయన అనుకున్నాడు. ఇద్దరి మనసులోనూ ఉన్నది ప్రేమే, ఏం లాభం?

ఆయన పెళ్లికి రాలేదు. పెళ్లికూతురిని వరసకు మామ అయ్యే ఇంకెవరో తెచ్చారు. పందిట్లో అవ్వ నవ్వుతూనే తిరిగింది కానీ, బస్సు శబ్దం వినిపించినప్పుడల్లా రోడ్డు వైపు చూసింది. ఆ తరువాత పుత్తూరులో చుట్టాలింట అన్నాచెల్లెళ్లు ఎదురుపడ్డారు. నేను అమ్మ కొంగు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"కారడు పంపిస్తే వచ్చేదానికి నేనేమన్నా నీ ఊరోడినా?" అన్నాడాయన.

"వచ్చుంటే నీ కాళ్లరిగిపోతాయా? ఆడబిడ్డ పెండ్లి కదన్నా!" అంది అవ్వ.

"నా మీద ఒట్టు. ఇంక నేను గానీ నా బిడ్డ గానీ నీ గడప తొక్కం. నీ ఇంట్లో సుక్క నీళ్లు తాగం."

అందరూ నోళ్లు నొక్కుకున్నారు. ఒట్టు దాటితే, ఎవరి మీద పెట్టుకున్నారో వాళ్ల ప్రాణానికే కీడని మాకు నమ్మకం. పిల్లలం మేం కూడా మాట మాటకూ ఒట్టు పెట్టుకునేవాళ్లం, అయితే సాయంత్రానికి "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అని తీయించేసుకునేవాళ్లం. పెద్దవాళ్లకు ఆ గట్టు ఎక్కడుందో తెలియదు కాబోలు. "నన్నేమని పోయి పిలవమంటావు? ఒట్టు పెట్టినోడే తీయాల" అని అవ్వ. "పిలవనిదే ఎట్లా పోతా" అని ఆయన. అయిదారేళ్లు అలాగే గడిచిపోయాయి. "అన్నకు తగిన సెల్లెలు" అని తాత తన దగ్గుల మధ్య అనేవాడు.

ఆ ఏళ్లలో అవ్వ మామిడిపండు ముట్టలేదు. "వేడి చేస్తాది" అనేది. కానీ చిత్తూరు బస్సు ఆగినప్పుడల్లా ఏదో పని పెట్టుకుని రోడ్డు దాకా పోయేది.

"ఆ పక్క వానలెట్లా ఉండాయప్పా?" అని కండక్టరును అడిగేది.

"బాగా పడినాయమ్మా. మీ అన్న తోట సూడాల, కొమ్మలు నేలకు తగలతా ఉండాయి."

"నేనడిగింది వానల్ని" అని కసిరేది. ఆ పూట మాత్రం ముద్దలో నెయ్యి ఉండేది.

ఎండాకాలంలో కూడా వానల గురించి అడిగే మనిషిని చూసి కండక్టరు ఒక్కసారీ నవ్వలేదు. ఎందుకో తరువాత తెలిసింది. బంగారుపాళ్యంలో బస్సెక్కేవాళ్లను సాగనంపే నెపంతో ఆయనా వచ్చి "పుత్తూరు పక్క వానలు పడినాయా?" అని అడిగేవాడట. ఆ కండక్టరు మహానుభావుడు ఇటు వాన అటు, అటు వాన ఇటు మోశాడు. ఇద్దరిలో ఎవరూ ఒక్కనాడైనా "బాగుండాదా, బాగుండాడా" అని అడిగిన పాపాన పోలేదు.

ఆ ఏళ్లలో చివరి వేసవిలో మేం పిల్లలం ఒక పాడు ఆట కనిపెట్టాం. మా వీధిలో ఒకరింటి చుట్టం పోయినప్పుడు ఆ కబురు తెచ్చిన మనిషిని చూసి నేర్చుకున్న ఆట. ఒకరు తలగుడ్డ విప్పి చేత పట్టుకుని గుమ్మం బయట నిలబడాలి. ఇంట్లోవాళ్లు కొబ్బరిచిప్పలో నీళ్లు తెచ్చి "తాగప్పా" అనాలి. వచ్చినవాడు "వద్దు, రమ్మన్నారు" అని చెప్పి వెనక్కి చూడకుండా నడిచిపోవాలి. వెంటనే లోపలివాళ్లంతా జుట్టు విరబోసుకుని ఏడవాలి. ఏడుపు నాకు బాగా వచ్చేది. ఒకరోజు మా రాగాలు పెరట్లోకి వినిపించి అవ్వ చీపురుతో వచ్చింది.

"నోట్లో మన్ను పడ! సావుకబురు ఆటేందే మీకు? ఆడుకునేదానికి ఇంకేమీ దొరకలేదా?"

వీపు మంట తగ్గాక ఆమె ఒళ్లో పడుకుని అడిగాను, ఆ కబురు తెచ్చినవాళ్లు నీళ్లెందుకు తాగరని.

"వాని ఎనకాలే సావు వస్తాదంట పాపా. వాడు గడప తొక్కితే అదీ తొక్కుతాది. వాడు నీళ్లు తాగితే అదీ ఇంట్లో కూర్చుంటాది. అందుకని బయటే నిలబడి, రమ్మన్నారని సెప్పి పోతాడు."

"పోయినారని చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది?"

"తెలస్తాది" అంది నా జుట్టులో వేళ్లు పెట్టి. "నోటితో సెప్పాల్నా ఏంది?"

ఆ కాయలకాలం అయిపోకముందే ఒక పొద్దున, అమ్మ అరుగు మీద కూర్చుని ఊరగాయకు మామిడికాయలు కొడుతోంది. పులుపు వాసనకు నోరూరి నేను ఒక ముక్క ఉప్పులో అద్దుకుని చప్పరిస్తున్నాను. రోడ్డు మీద కాయల లారీ ఒకటి ఆగింది. అందులోంచి దూకి మా వీధిలోకి పరిగెత్తుకుంటూ వచ్చినవాడు అవ్వ అన్న కొడుకు. నాకు మామ వరస. అప్పటికి ఇరవై దాటాయో లేదో. చిన్నప్పటి నుంచీ నోరు మెదపని మనిషి. "వాని నోట్లో ముత్యాలుండాయి, తెరిస్తే రాలిపోతాయని భయం" అని అందరూ ఎగతాళి చేసేవాళ్లు.

వీధికాలువకు అవతలే ఆగిపోయాడు. రాత్రంతా నిద్ర లేదేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తలగుడ్డ చేతిలో ఉంది.

అమ్మ కత్తి పక్కన పెట్టి లేచింది. "ఏమబ్బా, ఇన్నేండ్లకు దారి తెలిసిందా? లోపలికి రా. పాపా, మామకు నీళ్లు తే."

నేను పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చాను. మామ పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. చెంబు వైపు చూశాడు. చెయ్యి కాస్త లేచింది కూడా. మళ్లీ దించేశాడు.

"వద్దక్కా. అత్తను పిలుచుకోని రమ్మన్నారు. బిన్నా, ఇప్పుడే రమ్మన్నారు."

రోడ్డు మీద లారీవాడు హారను మోగించాడు. మామ ఇంకా ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. హారను మళ్లీ మోగింది. అతను వెనక్కి తిరిగి పరిగెత్తాడు. 

ఆ హారను విని అవ్వ పెరట్లోంచి వచ్చింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. వీధి చివర అతని వీపు కనిపించింది. నా చేతిలో నిండుచెంబు కనిపించింది.

"నీళ్లు తాగినాడా?" అంది.

"లేదవ్వా."

"లోపలికొచ్చినాడా?"

"రాలేదు."

లారీ తిరుపతి వైపు కదిలి వెళ్లిపోయింది. అవ్వ మామిడిముక్కల మధ్యే కూలబడిపోయింది.

తరువాత ఇల్లంతా జనం. "పిలుచుకోని రమ్మన్నారంట" అని అమ్మ చెప్పిన మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఎవరు రమ్మన్నారు, ఎందుకు రమ్మన్నారు అని ఒక్కరూ అడగలేదు. గడప తొక్కని కాళ్లు, నీళ్లు వద్దన్న చెయ్యి అంతా చెప్పేశాయి కదా! రోజూ నెమరేసుకున్న ఆ ఒట్టు, సరిగ్గా అవసరమైన ఆ ఒక్క పూట ఎవరికీ గుర్తురాలేదు. మతిమరుపు కూడా ఏరి ఏరి ఇలాంటప్పుడే వస్తుంది.

అవ్వ ఒకసారి లేచి నిలబడి "నేను ఇప్పుడొచ్చే బస్సులో పోతా" అంది.

"ఒక్కదానివే ఈ ఏడుపు మోసుకోని యాడికి పోతావమ్మా?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు పట్టుకుని కూర్చోబెట్టారు.

తాత ఆ రోజు దగ్గకుండా మాట్లాడాడు. "సావింటికి ఒంటిగా పోగూడదు. పోయిన మనిషి ఇంక యాడికి పోతాడు? తోడబుట్టింది పోకుండా ఎత్తరు. బిడ్డలు రానీ, అందరం కలిసే పోదాం."

తిరుపతిలో అంగట్లో పని చేసే నాయనకు బస్సులో కబురు పోయింది. ఎవరో పుత్తూరు పోయి తడకు ఫోన్ చేసి మేనత్తను రమ్మన్నారు. ఆమె పెళ్లి దగ్గరే కదా మొదలైంది, ఆమె రాకపోతే ఎట్లా అన్నారు. మీద కప్పడానికి కొత్త పంచె, పూలదండ తెచ్చారు. టమేటాలు మోసే టెంపో ఒకటి మాట్లాడారు. అందరూ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ కొట్టిన మామిడిముక్కలు అరుగు మీదే నల్లబడిపోయాయి.

చావుకు పోతున్నామనుకున్నాం కాబట్టి ఆలస్యమైంది. జబ్బు అనుకుని ఉంటే అవ్వ ఆ లారీకే అడ్డం నిలబడి, తిరిగి తీసుకుపొమ్మని ఉండేది. ఈ మాట తలచుకోని ఏడాది లేదు నాకు.

టెంపోలో పంచె పొట్లం నా ఒళ్లో పెట్టారు. మెత్తగా, కొత్తబట్ట వాసన వేస్తూ ఉంది. చిత్తూరు దాటాక బెంగుళూరు రోడ్డు పొడుగునా, మామిడిగుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. పులిసిన తీపి వాసన గాలంతా నిండిపోయింది. అవ్వ ఆ వాసన పీల్చి మొదటిసారి నోరు తెరిచింది. "తోటలో కాయింకా కొయ్యలేదేమో" అంది. 

పొద్దు వాలుతుండగా తోట దగ్గర దిగాం. చావింటికి వచ్చే ఆడబిడ్డ దారిలోంచే ఏడుస్తూ రావాలి. అవ్వ ముడి విప్పేసింది. గుండెలు బాదుకుంటూ, రాగం తీస్తూ మామిడిచెట్ల మధ్య నడిచింది.

"కొమ్మ వంచి కాయ కోసిచ్చిన నా అన్నా... నన్ను బుజానెత్తుకోని తిరునాళ్లు సూపించిన నా అన్నా... నా ఇంటికొచ్చి నీళ్లడిగే నోరు మూసుకుంటివా అన్నా... తప్పు నాదే నా అన్నా, నా కాళ్లకేం రోగమొచ్చె, బొట్టుపెట్టి పిలిచేదానికి... కారడు ముక్క పంపిస్తినే, పాపిష్టిదాన్ని... వానల పేరు సెప్పి నిన్నే అడిగితినే అన్నా, నీ పేరు తలిసేదానికి నా నోరు పడిపోయె... నువ్వు లేని పుట్టిల్లు నాకెందుకన్నా..."

అయిదారేళ్లుగా పంటి బిగువున పట్టిందంతా ఆ దారిలో పోసేసింది. మా వెనకున్న వాళ్లంతా ఏడ్చారు. ఆటలో అంత బాగా ఏడ్చే నాకు మాత్రం ఏడుపు రాలేదు, భయం వేసింది.

ఇంటి ముందు నిప్పు లేదు. పలకల మోత లేదు. లోపలి నుంచి ఆయన భార్య తడిచేతులు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తుకొచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. ముందు చూసింది మా అమ్మ. అవ్వ భుజం గట్టిగా పట్టుకుంది.

"ఎవురు పోయినారమ్మా?" అంది ఆ ఇల్లాలు, మా ముఖాలూ దండా చూస్తూ.

అవ్వ నోట్లో రాగం సగంలో ఆగిపోయింది. తాత ఆ దండను వెనక్కి, చెట్లలోకి విసిరేశాడు. అమ్మ నా చేతిలోని పంచె పొట్లం లాక్కుని కొంగులో దాచింది.

ముందురోజు ఆయన తోటలో పడిపోయాడట. ఒక చెయ్యీ కాలూ స్వాధీనం తప్పాయి, మాట మాత్రం తెలివిగానే ఉంది. చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోతామంటే ఒప్పుకోలేదట. "నా సెల్లెలు రానీ. దాంతో మాట్లాడి వస్తా" అన్నాడట. మామ తెల్లారకముందే లారీ పట్టుకుని, మాకు చెప్పి, తిరుపతిలో సూదిమందు తీసుకుని, చంద్రగిరి మీది బస్సులో తిరిగి వచ్చేశాడు. అప్పటికే మేం వచ్చి ఉంటామనుకున్నాడు. రోడ్డు మీద బస్సు ఆగినప్పుడల్లా ఆయన "వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడట. మధ్యాహ్నం దాటాక ఆ అడగడం ఆగిపోయింది. మాట పడిపోయింది.

"ఏందిరా అబ్బోడా, ప్రాణంతో ఉండాడని ఒక్క మాట సెప్పగూడదా?" అని తాత మామ మీదికి పోయాడు. "గుక్కెడు నీళ్లు తాగుంటే మేం ఇట్లా వస్తామా?"

మామ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. "ఒట్టుండాది కద మామా" అన్నాడు. "నేను మీ ఇంట్లో నీళ్లు తాగితే నాయన దక్కడని భయపడితి."

 తండ్రి బతకాలని అతను నీళ్లు వద్దన్నాడు. ఆ నీళ్లు వద్దన్నాడనే మేం ఆ తండ్రిని చంపేసుకున్నాం.

లోపల నులకమంచం మీద ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు. రోడ్డు కనిపించేలా మంచం తలుపుకు ఎదురుగా వేయించుకున్నాడట. తలాపున స్టూలు మీద ఒక ఇత్తడి చెంబు, దాని మీద మూత. "అది పొద్దున పెట్టించుకున్నాడమ్మా" అంది ఆయన భార్య. "సెల్లెలొస్తే నా సేత్తో నీళ్లిచ్చి ఒట్టు తీసి గట్టు మీద పెట్టేస్తా అన్నాడు. ఏదో సెప్పాలన్నాడు నీకు. నాతో సెప్పు, నేను సెప్తా అంటే, అది దానికీ నాకూ అన్నాడు."

అవ్వ విరబోసిన జుట్టుతోనే మంచం పక్కన కూర్చుంది. ఆయన పెదవులు కదిలాయి. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అవ్వ చెవి పెట్టింది. మళ్లీ వచ్చింది. ఆమెకు అర్థం కాలేదు. సగం దగ్గును బట్టి మనసు చదివే ఇంట్లో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, సొంత అన్న మాట తెలియక "ఏందన్నా? ఏందన్నా?" అని అడుగుతూనే ఉంది. ఆయన బాగున్న చెయ్యి మెల్లగా స్టూలు వైపు జరిగింది. చెంబును ఎత్తలేకపోయాడు. వేళ్లతో ఆమె వైపు కొద్దిగా నెట్టాడు. అవ్వ రెండు చేతులతో అందుకుని ఆ నీళ్లన్నీ తాగేసింది. చంటిపిల్ల తాగినట్టు గొంతు మీదా రవిక మీదా పోసుకుంటూ తాగింది. ఆమె గొంతు కదలడం ఆయన చూస్తూ ఉన్నాడు.

చావుకని తెచ్చిన టెంపోలోనే ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయారు. మందులు పని చేయలేదు. నాలుగు రోజులు కూడా ఉండలేదు. నోటి వెంట ఇంకో మాట రాలేదు. కొంగులో దాచిన పంచెనే అమ్మ కళ్లు మూసుకుని ఇచ్చింది.

ఆ తరువాత మామ మా ఇంటికి ఎప్పుడు వచ్చినా గడప దాటుతూనే నీళ్లడిగేవాడు. చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాకే మాట. ఏటా గంప తెచ్చాడు కూడా. ఇప్పుడతనికి జుట్టు నెరిసింది, చేతిలో పెద్ద ఫోను ఉంది. చేస్తే మొదటి మాట "అందరం బాగుండాం పాపా, ఊరికే చేసినా" అని. అది విన్నాకే నేను ఊపిరి పీలుస్తాను. నోట్లో ముత్యాలున్న మనిషి ఎంత ఖర్చు పెట్టి ఆ మాట నేర్చుకున్నాడో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన బతికుండగానే తన చావు ఏడుపు విన్నాడే అని మా వాళ్లంతా ఏళ్ల తరబడి కుమిలారు. ఆ ఊసెత్తితే తాత లేచి బయటికి పోయేవాడు. అవ్వ ఎదుట ఎవరూ అనేవాళ్లు కాదు. ఆమె చివరి రోజుల్లో ఒక సాయంత్రం నేను కాళ్లు ఒత్తుతుంటే తానే ఎత్తింది.

"మీరంతా దానికేడుస్తారు గానీ పాపా, నాకుండే ఊరట అదొక్కటే" అంది. "సచ్చినోళ్ల మీద పడి ఎంత ఏడిస్తే ఏం, వాళ్లకు ఇనబడతాదా? నా అన్నకు ఇనబడింది. తప్పు నాదేనని ఆ దారెంబడి నేను సెప్పిందంతా ఇన్నాడు. మామూలుగా పోయుంటే నా నోట్లో ఆ మాట వచ్చుండదు."

కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"నేను సెప్పింది ఆయనకు చేరింది" అంది కళ్లు మూసుకునే. "ఆయన సెప్పాలనుకుండేదే నాకు చేరలా. ఏముంటాదంటావు పాపా?"

 లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను.